ఫుట్‌బాల్ ట్రాన్స్‌ఫర్ సీజన్: అపోహలు, వాస్తవాలు (ముందు తల్లిదండ్రుల కోసం)

జూన్‌లో యూరప్ ట్రాన్స్‌ఫర్ విండో (క్లబ్బులు కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేసుకునే గడువు) తెరిచిన దగ్గర్నుంచి సెప్టెంబర్ మొదటి రోజుల దాకా, క్లబ్ రిజిస్ట్రేషన్ల పని చూసేవాళ్లకు రెండు రకాల ప్రశ్నలు ఎదురవుతాయి. హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలో పొద్దున ప్రాక్టీస్‌కు వచ్చే పిల్లలు అడిగేది ఒకటి: "సార్, ఫలానా ఆటగాడు మాడ్రిడ్‌కు పోయినట్టేనా?" ఆ పిల్లల్ని బండి మీద దింపడానికి వచ్చిన నాన్నలు పక్కకు పిలిచి అడిగేది ఇంకొకటి: "మా పిల్లగాన్ని స్పెయిన్ క్లబ్బు తీసుకుంటదట సార్. ట్రాన్స్‌ఫర్ ఖర్చు మనమే కట్టాల్నట. కట్టాల్నా?"

మొదటి ప్రశ్నకు పోయేది నిద్ర. రెండోదానికి పోయేది పొలం తాకట్టు పెట్టిన పైసలు. అందుకే రెండోదే ముందు.

అపోహ: విదేశీ క్లబ్ మా వాణ్ని సెలెక్ట్ చేసింది. ట్రాన్స్‌ఫర్ ఫీజు, ఐటీసీ చార్జీ కడితే పని అయిపోతుంది.

ట్రాన్స్‌ఫర్ ఫీజు క్లబ్ నుంచి క్లబ్‌కు పోతుంది. కొనే క్లబ్ కడుతుంది, అమ్మే క్లబ్ తీసుకుంటుంది. ఆటగాడి ఇంటి నుంచి ఒక్క రూపాయి కూడా ఆ దారిలో పోదు. 2017లో బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ పారిస్ క్లబ్‌కు పోయినప్పుడు అతని పాత క్లబ్ బార్సిలోనాకు చేరిన 22.2 కోట్ల యూరోలు వాళ్ల నాన్న జేబులోంచి రాలేదు. ఇక ఐటీసీ, అంటే ఇంటర్నేషనల్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్. ఆటగాడు ఒక దేశం ఫెడరేషన్ నుంచి ఇంకో దేశం ఫెడరేషన్‌కు మారేటప్పుడు పాత ఫెడరేషన్ కొత్తదానికి పంపే కాగితం ఇది. దీన్ని ఉచితంగా, ఏ షరతూ పెట్టకుండా ఇవ్వాలని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమాల్లో స్పష్టంగా రాసి ఉంది. కొత్త క్లబ్, రెండు ఫెడరేషన్లు ఆన్‌లైన్ సిస్టమ్‌లో చేసుకునే పని అది. దాని కోసం మీ ఫోన్‌పే స్కానర్ తెరవమన్నారంటే అక్కడికే ముచ్చట ముగిసినట్టు.

అంతకన్నా పెద్ద గోడ వయసు. 18 నిండకుండా అంతర్జాతీయ ట్రాన్స్‌ఫర్ లేదు. ఫిఫా ట్రాన్స్‌ఫర్ నియమాల్లో 19వ ఆర్టికల్ ఇదే. మినహాయింపులు చాలా తక్కువ: ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో తల్లిదండ్రులు ఆ దేశానికి కాపురం మార్చడం, 16 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలు యూరోపియన్ యూనియన్, దాని ఆర్థిక మండలి దేశాల మధ్యే మారడం, సరిహద్దుకు 50 కిలోమీటర్ల లోపు ఇల్లూ క్లబ్బూ ఉండటం, శరణార్థులు, ఇంకా ఇలాంటివే ఒకటీ అరా. కాజీపేటలో ఉండే పదిహేనేళ్ల పిల్లగాడు వీటిలో దేని కిందికీ రాడు. "మరి నాన్నకు అక్కడ ఉద్యోగం చూపిస్తం" అనే బ్రోకర్లూ ఉన్నారు. ఆ దొంగదారి కోసమే "ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణం" అన్న మాట పెట్టారు, ఆ ఫైళ్లను ఫిఫా విడిగా పరిశీలిస్తుంది. ఇంగ్లండ్ అయితే ఇంకా గట్టిది. బ్రెగ్జిట్ తర్వాత అక్కడి క్లబ్బులకు ఆ 16 నుంచి 18 ఏళ్ల మినహాయింపు కూడా లేదు.

బార్సిలోనా అంతటి క్లబ్బే ఈ నియమం దగ్గర దెబ్బతిన్నది. మైనర్ల రిజిస్ట్రేషన్లలో తప్పులు చేసినందుకు 2015లో జనవరి, ఎండాకాలం విండోలు రెండింటిలోనూ కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేసుకోలేకపోయింది. ఆ ఎండాకాలం కొన్న ఆర్డా తురాన్, అలేష్ విదాల్ 2016 జనవరి దాకా ప్రాక్టీసే చేశారు తప్ప మ్యాచ్ ఆడలేదు. వాళ్లు దాటలేని గోడను సుబేదారిలో గది అద్దెకు తీసుకున్న బ్రోకర్ దాటిస్తానంటే ఎట్లా నమ్ముదాం?

మరి మన వైపు నుంచి ఎవరూ పోలేదా అంటే పోయారు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు ఆడటానికి పోయింది. అప్పటికి ఆమెకు 18 దాటి చాన్నాళ్లయింది, దేశంలో పెద్ద క్లబ్బులకు ఆడి ఉంది. వరుస అట్లా ఉంటుంది: ఇక్కడ ఆట, ఇక్కడి రికార్డు, ఆ తర్వాత విమానం.

ఎవరైనా ఆఫర్ పట్టుకొని ఇంటికొస్తే, భయపడకుండా, తిట్టకుండా, ఇవి అడగండి.

మొదటిది, ఏజెంట్ పేరు, లైసెన్స్ నంబర్. ఫిఫా లైసెన్స్ మనిషికే ఇస్తారు, కంపెనీకి ఇవ్వరు. "మా సంస్థకు ఫిఫా గుర్తింపు ఉంది" అన్నాడంటే ఆ మాటే తప్పు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ల జాబితా ఫిఫా వెబ్‌సైట్‌లో ఉంటుంది, పేరు కొట్టి చూడొచ్చు. జాబితాలో పేరున్నా అక్కడితో ఆగొద్దు, ఎదురుగా కూర్చున్న మనిషి ఆ పేరువాడేనా అన్నది ఐడీ కార్డుతో సరిచూసుకోండి. మైనర్లతో పనిచేసే ఏజెంట్‌కు వేరే శిక్షణ, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి రెండూ ఉండాలి. ఆటగాడితో ఏజెంట్ ఒప్పందం రెండేళ్లకు మించకూడదు. పదేళ్ల బాండ్ ముందు పెడితే పెన్ను మూసేయండి.

రెండోది, క్లబ్ లెటర్. లెటర్‌హెడ్, లోగో, గుండ్రటి స్టాంపు ఎవరైనా ప్రింట్ తీయించుకోవచ్చు. చూడాల్సింది మెయిల్ ఏ అడ్రస్ నుంచి వచ్చిందన్నది. క్లబ్ సొంత వెబ్‌సైట్ పేరు మీద కాకుండా జీమెయిల్ నుంచి వస్తే పక్కన పడేయండి. లెటర్‌లో ఉన్న నంబర్‌కు ఫోన్ చేస్తే ఎత్తేది వాళ్ల మనిషే. క్లబ్ వెబ్‌సైట్‌లో ఉన్న అడ్రస్‌కు మీరే మెయిల్ పెట్టండి.

మూడోది, వీసా. షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకు ఉమ్మడి) టూరిస్ట్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు తిరిగి రావచ్చు. అది ఆడే వీసా కాదు. "ట్రయల్స్‌కు పోతున్నాం, అక్కడే వీసా మార్పిస్తం" అన్నారంటే 91వ రోజు పిల్లగాడు ఎక్కడుంటాడో అడగండి.

నాలుగోది, పైసలు దేనికి? ఏజెంట్‌కు వచ్చేది కమీషన్. అదీ కాంట్రాక్ట్ కుదిరాక, జీతంలో ఇంత శాతమని. ముందస్తుగా "ఫైల్ చార్జీ", "ఫెడరేషన్ డిపాజిట్", "మెడికల్ స్లాట్" పేర్లతో అడిగితే అవి వాళ్లు పుట్టించిన పేర్లే.

ఒక తేడా మాత్రం గుర్తించాలి. విదేశంలో హాస్టల్‌తో పాటు శిక్షణ ఇచ్చే ప్రైవేట్ అకాడమీలు ఉన్నాయి, పెద్ద క్లబ్బుల పేరు పెట్టుకొని మన నగరాల్లో నడిచే అకాడమీలూ ఉన్నాయి. ఫీజు కట్టి చేరొచ్చు, కొన్నింట్లో కోచింగ్ బాగానే ఉంటుంది. కానీ అది కాలేజీలో సీటు కొన్నట్టు. పేరు పంచుకున్నంత మాత్రాన మీ వాడు ఆ క్లబ్ ఆటగాడు అయిపోడు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు సిగ్గుతో దాచుకోవద్దు. ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ నంబర్, చాట్లు, లెటర్ ఫొటోలు ఏవీ డిలీట్ చేయొద్దు. ఎంత తొందరగా చెబితే అవతలి ఖాతాలో పైసలు ఆపడానికి అంత వీలుంటుంది.

ఇక పిల్లల ప్రశ్న.

అపోహ: ఒప్పుకున్నాడు, మెడికల్ కూడా అయింది, కాబట్టి పోయినట్టే.

భూమి కొన్నవాళ్లకు దీన్ని వివరంగా చెప్పక్కర్లేదు. బయానా ఇస్తే పట్టా మీ పేరు మీదికి వస్తుందా? ఆటగాడితో జీతం మాట్లాడుకోవడం, క్లబ్‌తో ధర కుదుర్చుకోవడం, మెడికల్ చేయించడం ఇవన్నీ బయానా దశే. రిజిస్ట్రేషన్ అయితేనే ట్రాన్స్‌ఫర్. 2025 సెప్టెంబర్ 1న మార్క్ గేహీ లివర్‌పూల్ కోసం మెడికల్ చేయించుకున్నాడు. అతని బదులు ఇంకో డిఫెండర్ దొరకలేదని అతని క్లబ్ క్రిస్టల్ ప్యాలెస్ చివరి గంటల్లో వెనక్కి తగ్గింది. 2017లో లెస్టర్ క్లబ్ ఆడ్రియెన్ సిల్వా కాగితాలను 14 సెకన్లు ఆలస్యంగా పంపింది. అతను 2018 జనవరి దాకా కూర్చోవాల్సి వచ్చింది. 2021 ఆగస్టులో మెస్సీ, బార్సిలోనా ఇద్దరూ ఒప్పుకున్నారు, అయినా స్పెయిన్ లీగ్ లా లిగా ఖర్చు నియమాలు రిజిస్ట్రేషన్‌కు అడ్డుపడ్డాయి. రెండువైపులా ఇష్టం ఉండి కూడా పెళ్లి జరగని సందర్భం అది!

చివరి రోజు మేలుకునేవాళ్లకు ఒక లెక్క. 2025లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ విండో మూసింది అక్కడి సాయంత్రం 7 గంటలకు, మనకు రాత్రి 11:30. ఆలోపు ఒప్పందం కుదిరిందని తెలిపే డీల్ షీట్ అనే కాగితం పంపిన క్లబ్‌కు మిగతావి పూర్తి చేయడానికి ఇంకో రెండు గంటలు దొరుకుతాయి, అంటే మనకు ఒంటిగంటన్నర. అందుకే పన్నెండు దాటాక కూడా ప్రకటనలు వస్తాయి. అవి మోసం కాదు.

అపోహ: పేపర్లో వచ్చిన అంకె అంతా చేతికి అందుతుంది.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి జెండా పాట ధర చూసి సంబరపడ్డ రైతును అడగండి. ఆ ధర నాలుగు కుప్పలకు పడుతుంది, మిగతా బస్తాలకు వేరే ధర. ట్రాన్స్‌ఫర్ అంకె కూడా అంతే. 2023లో ఇంగ్లండ్ ఆటగాడు బెల్లింగ్‌హామ్‌ను రియల్ మాడ్రిడ్‌కు అమ్మినప్పుడు జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్ చెప్పింది 10.3 కోట్ల యూరోలు ఖాయమని, కొన్ని షరతులు నెరవేరితే దాని మీద గరిష్ఠంగా 30 శాతం దాకా వస్తుందని. స్టాక్ మార్కెట్‌లో ఉన్న క్లబ్ కాబట్టి అంత స్పష్టంగా చెప్పింది. మిగతా క్లబ్బులు చెప్పవు, అందుకే ఒకే ఆటగాడికి మూడు పేపర్లలో మూడు ధరలు. ఖాయమైనది కూడా చాలాసార్లు వాయిదాల్లోనే వస్తుంది.

మిగతావి గబగబా. విండో మూశాక ఎవర్నీ తీసుకోలేరన్నది పూర్తిగా నిజం కాదు, విండో మూయకముందే కాంట్రాక్ట్ ముగిసి ఖాళీగా ఉన్న ఆటగాణ్ని తీసుకోవడానికి ఫిఫా నియమాల్లో వీలుంది. కాంట్రాక్ట్ చివరి ఆరు నెలల్లో వేరే క్లబ్‌తో సంతకం చేయడం ద్రోహం కాదు, నియమం ఇచ్చిన హక్కు. సంతకం చేసిన ప్రతి ఆటగాడూ ఆడతాడన్నదీ తప్పు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ మీదే తర్వాత బకాయిల వల్ల రిజిస్ట్రేషన్ నిషేధం పడింది. "ఆసక్తి చూపుతోంది" అన్న వార్తకైతే అర్థమే లేదు. జీతం పెంచుకోవాలనుకున్న ఏజెంట్ ఒక విలేకరికి చెప్తాడు, ఆ "కావచ్చు" అన్న మాట నాలుగు భాషలు దాటి మన ఫోన్‌కు వచ్చేసరికి "ఖాయం" అవుతుంది.

అపోహ: చిన్నప్పుడే ఒక క్లబ్‌లో రిజిస్టర్ చేయిస్తే పిల్లగాడు అక్కడే ఇరుక్కుపోతాడు.

రిజిస్ట్రేషన్ లేకపోతేనే నష్టం. ఒక సీజన్‌లో మూడు క్లబ్బుల దాకా రిజిస్టర్ కావచ్చు, రెండింటికి అధికారిక మ్యాచ్‌లు ఆడొచ్చు, కాకపోతే ఒక సమయంలో ఒక్క క్లబ్బే. 12వ ఏడు వచ్చిన సీజన్ నుంచి ఏయే క్లబ్‌లో ఉన్నాడన్నది ప్లేయర్ పాస్‌పోర్ట్ అనే ఫుట్‌బాల్ రికార్డులో చేరుతుంది. రేపు ఆ పిల్లగాడు విదేశానికి 10 కోట్ల రూపాయలకు అమ్ముడైతే అందులో 5 శాతం, అంటే 50 లక్షలు, అతన్ని పెంచిన క్లబ్బులకు పోవాలి. 12 నుంచి 15 ఏళ్ల దాకా నాలుగు సీజన్లు నేర్పిన క్లబ్ వాటా మొత్తం ధరలో 1 శాతం, 10 లక్షలు. సిస్టమ్‌లో పేరు ఎక్కించని క్లబ్‌కు సున్నా. ఆ నాలుగు సీజన్లూ కోచ్ పొద్దున్నే లేచింది నిజమే అయినా, కాగితం లేదు.

ఇక్కడ మనవాళ్లు తడబడేది పేరు దగ్గర. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) రిజిస్ట్రేషన్ సిస్టమ్ సీఆర్‌ఎస్‌లో పేరు ఎక్కించేటప్పుడు ఆధార్‌లో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ముందు, పదో తరగతి మెమోలో పూర్తిగా, పాస్‌పోర్ట్‌లో వెనక ఉంటే ఫైల్ ఆగుతుంది. పుట్టిన తేదీలో తేడా ఉంటే ఇంకా చిక్కు. యూత్ టోర్నీల్లో ఎముకల వయసు పరీక్ష కూడా ఉంటుంది, బడిలో తగ్గించి రాయించిన ఏడాది అక్కడ బయటపడుతుంది. జనన ధ్రువపత్రాన్ని ప్రమాణంగా పెట్టుకొని మిగతా మూడూ దానికి సరిచేయించండి. మీసేవ చుట్టూ తిరగడానికి టైం పడుతుంది కాబట్టి, విండో తెరవకముందే, ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టండి.