నల్లులు పోయాయనుకున్న పదో రోజు

హైదరాబాద్‌లో నల్లి అంటే ముందు మూలుగ ఎముకతో వండే నల్లీ నిహారీయే గుర్తొస్తుంది కదా, నాకూ అంతే ఉండేది, అమీర్‌పేటలో ఓ త్రీ షేరింగ్ హాస్టల్లో దిగిన మూడో రాత్రి వరకు. పొద్దున లేచి చూస్తే మోచేతి మీద వరసగా మూడు దద్దుర్లు. దోమలేమో అనుకుని కాయిల్ పెట్టా, మర్నాడు మెడ మీద. పక్క బెడ్ తమ్ముడికి మాత్రం ఒక్క మచ్చ లేదు, "నీ ఒంట్లోనే ఏదో ఉందన్నా" అని నవ్వాడు, తీరా పరుపులు ఎత్తి చూస్తే ఎక్కువున్నది వాడి మంచంలోనే! నల్లి కుట్టినా కొందరి చర్మానికి ఏమీ అవదు, కొందరికి రెండు మూడు రోజులయ్యాక గానీ దద్దురు లేవదు. సో ఎవరు గోక్కుంటున్నారో చూసి నల్లులు ఎక్కడున్నాయో చెప్పలేం.

వెతకాల్సింది పరుపు కుట్ల వెంబడి, ప్లైవుడ్ మంచం జాయింట్లలో, స్క్రూ బొక్కల్లో, తల వైపు గోడ పగుళ్ళలో, ఇంకా ముదిరితే స్విచ్ బోర్డు వెనక. పెన్నుతో పెట్టినట్టు నల్ల చుక్కలు కనిపిస్తాయి, అవి వాటి రెట్టలు, అంటే అరిగిపోయిన మన రక్తమే. పెద్ద నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్లు, యాపిల్ గింజంత ఉంటుంది, కానీ కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఎంత పల్చగా ఉంటుందంటే ఏటీఎం కార్డు దూరే సందులో హాయిగా కాపురం పెట్టేస్తుంది. ఎగరలేదు, దూకలేదు, పాకడం ఒక్కటే వచ్చు.

మనవాళ్ళు నల్లులున్నాయని చెప్పుకోవడానికి సిగ్గుపడతారు, మురికి ఇల్లనుకుంటారేమో అని. దానికి మురికితో పనిలేదు, రక్తం కావాలి అంతే, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, ఒంటి వాసన పట్టుకుని వస్తుంది. అయితే ఒకటి, 2017లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీవాళ్ళు చూస్తే ఉతికిన బట్టల కంటే విడిచిన బట్టల మీదకి రెట్టింపుగా చేరాయట. ప్రయాణాల్లో విడిచిన బట్టలు బ్యాగులో గట్టిగా కట్టిన కవర్‌లో పెట్టమనేది అందుకే. వీటి వంశం కూడా తక్కువది కాదు, 2019లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం దాదాపు 11.5 కోట్ల ఏళ్ళ కిందటిది, అంటే డైనోసార్లు ఉన్నప్పుడే ఉంది. శివుడు కొండెక్కిందీ విష్ణువు పాము మీద పడుకుందీ నల్లుల బాధ పడలేకేనని మన పాత చాటువు ఒకటుంది, ఊరికే అనలేదు పెద్దలు.

సరే, హాస్టల్ ఓనర్‌కి చెప్తే మనిషిని పంపి స్ప్రే కొట్టించాడు. తొమ్మిది రోజులు ప్రశాంతం. పదో రోజు మళ్ళీ మొదలు, ఈసారి చిన్న చిన్నవి, లేత రంగువి. అసలు కథంతా ఇక్కడే ఉంది. ఆడ నల్లి రోజుకి ఒకటి నుంచి ఐదు దాకా గుడ్లు పెడుతుంది, జీవితం మొత్తంలో రెండొందల పైనే, ఒక్కోటి మిల్లీమీటరంత, తెల్లగా, చెక్కకి జిగురుతో అతికించినట్టు. చాలా మందులు ఆ గుడ్డు మీద సరిగ్గా పనిచెయ్యవు, మన వాతావరణంలో వారం పది రోజుల్లో అవి పొదుగుతాయి, పిల్లలు ఒక్కో దశకి ఒకసారి రక్తం తాగుతూ ఐదుసార్లు కుబుసం విడిస్తే మళ్ళీ పెద్ద నల్లి రెడీ. కాబట్టి ఒక్కసారి కొట్టించి ఊరుకుంటే డబ్బులు దండగ, పది పద్నాలుగు రోజులకి రెండోసారి, అవసరమైతే మూడోసారి చెయ్యాల్సిందే.

మందుకి అలవాటు పడటంలో కూడా ఇది గట్టిదే. రెండో ప్రపంచయుద్ధం టైంలో డీడీటీ అనే పురుగుమందు వచ్చినప్పుడు ఇక నల్లుల పని అయిపోయిందనుకున్నారు, 1947కల్లా హవాయిలోని పెర్ల్ హార్బర్ బ్యారక్స్‌లో డీడీటీకి చావని నల్లులు బయటపడ్డాయి. ఇప్పుడు మనం షాపులో కొనే స్ప్రేలలో ఎక్కువగా ఉండేది పైరెత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు, వాటినీ తట్టుకునే నల్లులు వచ్చేశాయి, పైగా ఆ స్ప్రేకి కొన్ని చెదిరి పక్క గదిలోకి పోవచ్చు. ఇంకో మాట, ధాన్యంలో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు గదిలో పెడితే పోతాయని ఎవరైనా చెప్తే అస్సలు వినొద్దు, తేమ తగిలితే ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది, దానికి విరుగుడు లేదు, పడుకున్న మనుషులే పోయిన కేసులు ఉన్నాయి.

నా లెక్కలో నల్లికి అసలైన మందు వేడి. 48 డిగ్రీల దగ్గర పెద్దవి చస్తాయి, గుడ్లు వెంటనే చావాలంటే 55 దాకా వెళ్ళాలి. మన మే నెల 42, 43 చాలదు, అందుకే పరుపు డాబా మీద వేస్తే పైనున్నవి కింద నీడలోకి పాకి కూర్చుంటాయి. నాయనమ్మ నులక మంచం వాకిట్లో వేసి సలసల కాగే నీళ్ళు కోళ్ళ సందుల్లో పోసేది చూడండి, అదీ సైన్స్. ఇప్పుడు ఆ పని స్టీమర్ చేస్తుంది, కాకపోతే కుట్టు వెంబడి నిదానంగా, దాదాపు ఆనించి తిప్పాలి. బట్టలు 60 డిగ్రీల నీళ్ళలో. వేడి పెట్టలేని పుస్తకాలూ గట్రా కవర్‌లో చుట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో నాలుగు రోజులు.

మంచం గోడకి ఆనకూడదు, దుప్పటి నేలకి వేలాడకూడదు, కోళ్ళ కింద సబ్బు నీళ్ళ గిన్నెలు పెట్టాలి. ఉత్త నున్నటి గిన్నెని నమ్ముకోవద్దు, మనలాంటి వేడి దేశాల్లో ఎక్కువగా కనిపించే నల్లి జాతి నున్నటి గోడ కూడా ఎక్కేస్తుంది, చలిదేశాల జాతికి ఆ విద్య అంతగా రాదు. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో మంచమో సోఫానో కొంటే తిరగేసి, ఫోన్ టార్చ్ వేసి చూశాకే ఆటో ట్రాలీ ఎక్కించండి.

సంక్రాంతికి గదికి తాళం వేసి పోతే ఆకలికి చస్తాయని పక్క బెడ్ తమ్ముడి ఐడియా. తిండి లేకుండా నెలల తరబడి ఉంటాయిరా అంటే వాడి ముఖం చూడాలి. నేను మాత్రం ఊరెళ్ళే ముందే అమ్మకి ఫోన్ చేసి చెప్పా, బ్యాగు లోపలికి తేను, బట్టలన్నీ వాకిట్లోనే కాగులో ఉడకబెడదాం అని. అమ్మ సరేనంది. బ్యాగుతో పాటు నన్ను కూడా వాకిట్లోనే నిలబెట్టింది.