ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లు? సీఏ 19-9 అంకె వెనక కథ

కాలేయం నుంచి పైత్యరసం మోసే గొట్టాల (పిత్తనాళ) క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషి ఫైలు తెరిస్తే అందరి కళ్లూ ముందు వెతికేది సీఏ 19-9 అనే రక్తపరీక్ష అంకె ఎంత ఉందనే. 37 లోపు ఉంటే హమ్మయ్య అనుకుంటారు, దాటితే ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. నిజానికి ఆ పరీక్ష ఈ క్యాన్సర్ కోసం పుట్టిందే కాదు.

1979లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో హిలరీ కొప్రోవ్‌స్కీ బృందం మనుషుల పెద్దపేగు క్యాన్సర్ కణాలను ఎలుకలకు ఎక్కించి, వాటిలో తయారైన యాంటీబాడీలను వేరుచేసింది. వాటిలో ఒకదానికి ల్యాబ్‌లో పెట్టుకున్న గుర్తు 1116-ఎన్ఎస్-19-9. దాని తోక మాత్రమే ఇవాళ మన రిపోర్టుల్లో మిగిలింది. ఆ యాంటీబాడీ పట్టుకునేది లూయిస్ అనే రక్తవర్గానికి సంబంధించిన ఒక చక్కెర గొలుసును. 1946లో ఆర్థర్ మౌరాంట్ గుర్తించిన ఈ వర్గం కూడా ఏ, బీ, ఓ లాగే పుట్టుకతో వచ్చేది. నూటికి 5 నుంచి 10 మందిలో ఆ చక్కెర తయారీకి కావలసిన ఎంజైమ్ పనిచేయదు. అలాంటివారిలో కణితి ఎంత పెరిగినా ఈ అంకె దాదాపు కదలదు. ఆ సంగతి తెలియక నార్మల్ వచ్చిందని సంబరపడే ఇళ్లు ఉంటాయి.

రెండో చిక్కు కామెర్లు. కాలేయం నుంచి వచ్చే కుడి, ఎడమ నాళాలు కలిసే చోట పుట్టే క్యాన్సర్ గురించి 1965లో జెరాల్డ్ క్లాట్‌స్కిన్ 13 మంది రోగుల వివరాలతో రాశారు. ఇప్పటికీ దాన్ని క్లాట్‌స్కిన్ ట్యూమర్ అనే అంటారు. అక్కడ చిన్న కణితి చాలు, పైత్యరసం దారి మూసుకుపోతుంది, ఒళ్లు పచ్చబడుతుంది. (మన ఊళ్లలో ముందు ఆకుపసరు పోయించి, ఆ తర్వాతే స్కానింగ్‌కు వెళ్లేవాళ్లు ఇప్పటికీ తక్కువేం కాదు.) దారి మూసుకుపోతే, అది రాయి వల్లైనా సరే, సీఏ 19-9 వందల్లోకి ఎగబాకగలదు. నాళంలో సన్నటి గొట్టం (స్టెంట్) వేసి రసం పారితే దిగుతుంది. అందుకే ఒళ్లు పచ్చబడటానికి కారణమైన బిలిరుబిన్ తగ్గాక చూసిన అంకెకే విలువ.

ఇన్ని లోపాలున్నా దీన్ని పక్కన పెట్టలేకపోయారు. ఆపరేషన్‌కు ముందు ఇది బాగా ఎక్కువ ఉన్నవాళ్లు సగటున తక్కువకాలం బతికారని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఆపరేషన్ తర్వాత కూడా దిగకపోతే, లోపల ఎక్కడో మిగిలిందన్న అనుమానం వస్తుంది. కానీ ఆ సగటు మన ఎదుట కూర్చున్న మనిషి ఆయుష్షు కాదు.

ఆ తర్వాత వాపు మీదికి దృష్టి మళ్లింది. 2003లో గ్లాస్గో వైద్యులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో వాపు ఉంటే రక్తంలో పెరిగే సీఆర్పీ, తగ్గే ఆల్బుమిన్ అనే ప్రొటీన్లు కలిపి ఒక స్కోరు చూపారు. దాన్నీ, తెల్ల రక్తకణాల్లో రెండు రకాలైన న్యూట్రోఫిల్స్‌కూ లింఫోసైట్స్‌కూ ఉండే నిష్పత్తినీ పిత్తనాళాల దాకా లాక్కొచ్చారు. చవకైన పరీక్షలు, ఏ పట్నంలోనైనా చేస్తారు. అయితే స్టెంట్‌కు ఇన్‌ఫెక్షన్ సోకినా ఇవే పెరుగుతాయి. పైగా ఎంత దాటితే ప్రమాదమని గీత గీయాలో ఒక్కో ఆసుపత్రి తన రోగుల లెక్కలు చూశాకే తేల్చుకుంటే, ఆ గీత పక్క ఊళ్లో పనిచేయదు. జబ్బు తీరును సూచించే ఇలాంటి కొలతల (మార్కర్ల) అధ్యయనాలను ఎలా రాయాలో చెబుతూ 2005లో రిమార్క్ అనే మార్గదర్శకాలు రావడానికి ఈ గందరగోళమే కారణం. నా దృష్టిలో ఈ రంగంలో కొత్త మార్కర్ల కొరత లేదు, పాతవాటిని రెండోచోట పరీక్షించే ఓపికకే కొరత.

జన్యువుల కథ వేరు. ఎఫ్‌జీఎఫ్ఆర్2 అనే జన్యువులో మార్పుకు 2020లో పెమిగాటినిబ్, ఐడీహెచ్1 అనే జన్యువులో మార్పుకు 2021లో ఐవోసిడెనిబ్ అనే మందులు అమెరికాలో అనుమతి పొందాయి. ఆ జన్యు మార్పులు ముదిరిన జబ్బులో ఏ మందు వేయాలో చెబుతాయి. ఆపరేషన్ అయినవారికి వాడే కీమో మందు కేపసిటబిన్‌కు ఆధారం బ్రిటన్‌లో 447 మందిపై జరిగి 2019లో వెలువడిన బిల్‌క్యాప్ ట్రయల్. మందు వాడినవారిలో మధ్యస్థ ఆయుష్షు 51.1 నెలలు, వాడనివారిలో 36.4. చేరిన అందరినీ లెక్కేస్తే ఆ తేడా గణాంక పరీక్షకు నిలవలేదు, మందు మాత్రం వాడకంలో నిలిచింది. అక్కడ కూడా ఎవరికి వేయాలో ఏ మార్కరూ తేల్చలేదు.

ఇవాళ్టికీ ఎక్కువ బరువున్న మాట, కోసి తీసిన భాగాన్ని పరీక్షించి రాసే పెథాలజీ రిపోర్టుదే: కోసిన అంచుల్లో కణాలు మిగిలాయా, తీసిన లింఫ్ గ్రంథుల్లో ఎన్నింటికి పాకింది. కాలేయం లోపలి నాళాల క్యాన్సర్‌కైతే కనీసం 6 గ్రంథులు తీసి చూడాలన్నది క్యాన్సర్ ఎంత ముదిరిందో దశలుగా లెక్కించే స్టేజింగ్ పుస్తకం ఎనిమిదో కూర్పు సలహా. రెండే తీసి రెండూ శుభ్రంగా ఉన్నాయంటే, వెతికింది తక్కువని కూడా అర్థం కావచ్చు. డాక్టర్ దగ్గర సీఏ 19-9తో పాటు ఆ లెక్క కూడా అడగండి.