సియాటిల్‌లో వీధి రద్దు: కాగితపు వీధుల నుంచి ఆక్సిడెంటల్ అవెన్యూ దాకా

2016 మే 2న సియాటిల్ నగర కౌన్సిల్ ఆక్సిడెంటల్ అవెన్యూ సౌత్‌లో కొంత భాగాన్ని రద్దు చేయాలన్న, అంటే దానిపై ప్రజల దారి హక్కును వదులుకోవాలన్న దరఖాస్తును 5-4 ఓట్లతో తోసిపుచ్చింది. హోల్గేట్, మసాచుసెట్స్ వీధుల మధ్య ఉన్న ఆ ముక్క దక్కితే అక్కడ పెద్ద క్రీడాప్రాంగణం కట్టి, 2008లో ఓక్లహోమా సిటీకి తరలిపోయిన సూపర్‌సోనిక్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు బదులు మరో జట్టును రప్పించాలన్నది క్రిస్ హాన్సెన్ అనే పెట్టుబడిదారు ప్రయత్నం. క్రీడాభిమానుల కోపమంతా జట్టు గురించే గానీ, కౌన్సిల్ ముందున్న కాగితంలో అడిగింది వీధి గురించి. ఆ ప్రశ్నకు ఆ ఊరి వయసంత చరిత్ర ఉంది.

1853 మే 23న సియాటిల్ తొలి స్థిరనివాసులు ఆర్థర్ డెన్నీ, కార్సన్ బోరెన్ ఒక లేఅవుట్‌ను, వైద్యుడు డాక్ మేనార్డ్ మరో లేఅవుట్‌ను దాఖలు చేశారు. మొదటివారు సముద్రతీరం వంపును బట్టి వీధులు గీస్తే, మేనార్డ్ దిక్సూచి చూసి ఉత్తర దక్షిణాలుగా గీశారు. రెండు పటాలూ పొసగలేదు కనుకనే యెస్లర్ వే అనే వీధి దగ్గర నేటికీ వీధులు మెలిక తిరుగుతాయి. పటంలో వీధిగా చూపి ప్రజలకు అంకితం చేస్తే చాలు, అక్కడ దారి వేసినా వేయకపోయినా ప్రజల హక్కు ఏర్పడుతుంది. తర్వాత వచ్చిన లేఅవుట్లలో నిట్టనిలువు గుట్టల మీదుగానూ, నేరుగా నీళ్లలోకీ వీధులు గీశారు. కొన్నిచోట్ల మెట్లు కట్టగలిగారు, మరికొన్నిచోట్ల బ్లాక్‌బెర్రీ ముళ్లపొదలే మిగిలాయి. లేఅవుట్‌లో 40 అడుగుల రోడ్డు చూసి ప్లాటు కొని, వెళ్లి చూస్తే తుమ్మచెట్లు కనిపించిన మన పాఠకులకు కాగితపు వీధి అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఒకసారి రహదారి అయినది ఎప్పటికీ రహదారేనన్నది ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత న్యాయసూత్రం. సియాటిల్ ఉన్న, 1889లో రాష్ట్ర హోదా పొందిన వాషింగ్టన్ మాత్రం వెంటనే దానికి ఒక మినహాయింపు పెట్టింది: అయిదేళ్లపాటు తెరవని కౌంటీ (మన జిల్లా వంటిది) రహదారి దానంతటదే రద్దయిపోతుందని 1889-90 చట్టం చెప్పింది. ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే, ఎవరూ విచారణ జరపకుండానే ప్రజల హక్కు పోయే ఈ ఏర్పాటు లేఅవుట్లలో అంకితమైన వీధులకు వర్తించదని 1909లో సవరించారు. అయినా అప్పటికే అయిదేళ్లు గడిచిపోయినవాటి సంగతి అలాగే మిగిలింది. అందువల్ల నగర పరిధికి బయట 1904కు ముందు గీసి, తెరవకుండా వదిలేసిన వీధులపై యాజమాన్య తగాదాల్లో ఆ పాత చట్టాన్ని ఇప్పటికీ తిరగేస్తారు.

నగరాలు వీధిని వదులుకునే పద్ధతికి మూలం 1901 నాటి చట్టం. వీధిని ఆనుకున్న ఆస్తిలో మూడింట రెండు వంతులకు మించిన భాగానికి యజమానులైనవారు దరఖాస్తు పెట్టవచ్చు, లేదా కౌన్సిలే తీర్మానంతో మొదలుపెట్టవచ్చు. కౌన్సిల్ మొదలుపెట్టినప్పుడు ఆ యజమానుల్లో సగంమంది రాతపూర్వకంగా వద్దంటే ముందుకు వెళ్లరాదు. విచారణకు 20 రోజుల ముందు ఊళ్లో మూడు బహిరంగ స్థలాల్లోనూ, రద్దు కాబోయే వీధిలో అందరికీ కనపడేచోటా నోటీసు అంటించాలి. సాధారణంగా నగరానికి ఉండేది దారి హక్కు మాత్రమే, అడుగున ఉన్న నేల ఇరువైపులవారిది కనుక, రద్దయితే మధ్యగీత దాకా ఎవరి సగం వారికి చేరుతుంది. నేల వారిదే అయినప్పుడు డబ్బెందుకు కట్టాలని అడిగేవారున్నారు. ఆ అడగడంలో కొంత న్యాయం లేకపోలేదు. చట్టం మాత్రం అంచనా విలువలో సగం దాకా, 25 ఏళ్లు లేదా అంతకు మించి వీధిగా ఉన్నదైతే పూర్తి విలువ దాకా వసూలు చేయనిస్తుంది. పక్కింటివారు కంచె జరిపి ఎన్నేళ్లు కూరగాయలు పండించుకున్నా, ఆ అనుభవం వల్ల వీధిపై హక్కు రాదు.

కాబట్టి 'ఎవరూ నడవడం లేదు' అన్నది సియాటిల్‌లో దరఖాస్తుకు మొదటి వాక్యం కాగలదేమో గానీ నిర్ణయానికి సరిపోదు. రాకపోకలు, గాలి, వెలుతురు, నీటి గొట్టాలు, దూరపు దృశ్యం వంటివాటిలో ప్రజలు ఏం కోల్పోతారో మొదట తేల్చి, ఆ తర్వాతే బదులుగా వచ్చే ప్రజాప్రయోజనాన్ని తూస్తారు. నీటి అంచున ముగిసే వీధుల విషయంలో 1987 చట్టం మరింత కఠినం. ఓడరేవు, పార్కు, నీటిని చేరే దారి వంటి పనులకు తప్ప వాటిని వదులుకోకూడదు.

ఆక్సిడెంటల్ నిజానికి వాడుకలో ఉన్న వీధే. సరుకు లారీల రాకపోకలు దెబ్బతింటాయని ఓడరేవు సంస్థ గట్టిగా వ్యతిరేకించింది. వద్దన్న అయిదుగురూ మహిళలే. వారిలో పుణెలో పుట్టిన క్షమా సావంత్ ఒకరు. ఓటు తర్వాత వారికి వచ్చిన దూషణలు వీధి గురించి కావు. అదే ఏడాది అక్టోబరులో ప్రాంగణమంతా సొంత డబ్బుతోనే కడతానని హాన్సెన్ మళ్లీ ముందుకొచ్చారు గానీ, నగరం కీఅరీనా అనే పాత క్రీడాప్రాంగణాన్ని పునర్నిర్మించే దారి ఎంచుకుంది. అది 2021లో క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాగా తెరుచుకుంది. హోల్గేట్, మసాచుసెట్స్‌ల మధ్య ముక్క వీధిగానే ఉండిపోయింది.