స్క్రీన్ రికార్డింగ్ పాఠాలు: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్ తెర మీద పని చేసి చూపిస్తూ పాఠాలు రికార్డు చేయడం నా వృత్తి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?" అని. పాఠం చెడేది మాత్రం అక్కడ కాదు. పక్కన కూర్చుని నేర్పుతున్నప్పుడు అర్థం కాకపోతే "ఆగండాగండి, ఎక్కడ నొక్కారు?" అని అడుగుతారు. వీడియోని అలా అడగలేరు. రికార్డు చేసేటప్పుడు నేను తీసుకునే జాగ్రత్తలన్నీ ఆ అడగలేని మనిషి కోసమే.

అపోహ: డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఉంటే తప్ప మంచి రికార్డింగ్ రాదు

తెరని రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. విండోస్ 11లో స్నిప్పింగ్ టూల్‌తోనే తెరని రికార్డు చేయొచ్చు. మాక్‌లో 2018 నాటి మొహావే వెర్షన్ నుంచి కమాండ్, షిఫ్ట్, 5 కలిపి నొక్కితే చాలు. ఒక్క జాగ్రత్త: విండోస్‌లోనే ఉండే గేమ్ బార్ అనే రికార్డింగ్ టూల్ డెస్క్‌టాప్‌ని, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌ని రికార్డు చేయదు. ఫోల్డర్లు తెరిచి చూపించాల్సిన పాఠానికి అది పనికిరాదు.

అపోహ: 4కెలో (చాలా ఎక్కువ పిక్సెళ్లతో) రికార్డు చేస్తే అంతా స్పష్టంగా కనిపిస్తుంది

నేనూ చాలాకాలం ఇదే నమ్మాను. ఒకసారి నా పాఠాన్ని ఒకమ్మాయి ఫోన్‌లో చూస్తుంటే పక్కనే కూర్చున్నాను. నేను మెనూ తెరిచిన చోట వీడియో ఆపింది. ఫోన్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. రెండు వేళ్లతో పెద్దది చేయబోయింది, కుదరలేదు. వెనక్కి జరిపి మళ్లీ చూసింది. చివరికి "సర్, ఆ మూడో లైన్‌లో ఏముంది?" అని నన్నే అడిగింది. పక్కన ఉన్నాను కాబట్టి చెప్పాను. మిగతావాళ్లకి ఎవరు చెప్తారు?

పెద్ద తెర మీద మనకి హాయిగా కనిపించే అక్షరం అరచేతిలోని ఫోన్‌లో ఆవగింజంత అవుతుంది. పిక్సెళ్లు పెంచితే అక్షరం పెద్దదవ్వదు. నేనిప్పుడు 1920 x 1080 తెర పెట్టుకుని, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్‌ని 150 శాతం చేస్తాను. అప్పుడు తెర మీద 1280 x 720కి సరిపడా సరుకే పడుతుంది, కానీ ప్రతి అక్షరం ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది. బ్రౌజర్‌లో అయితే కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కితే సరి. అసలు రికార్డింగ్‌కి ముందు అర నిమిషం ట్రయల్ తీసి ఫోన్‌లోకి పంపుకుని చూస్తాను. కళ్లు చిట్లించాల్సి వస్తే మళ్లీ పెంచుతాను.

నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద సన్నని ఎర్ర అక్షరాలు కూడా వాడను. మామూలు వీడియోల్లో వెలుగు వివరం ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది గానీ, రంగు వివరం నాలుగు పిక్సెళ్లకి ఒక్కటే ఉంటుంది. అందుకే ఎర్ర అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టు వస్తాయి. సెకనుకి 60 ఫ్రేములు కావాలన్నది కూడా గేముల సంగతి. పాఠానికి 30 చాలు.

అపోహ: మౌస్ కదులుతూ ఉంటే చూసేవాళ్లకి తోవ తెలుస్తుంది

మాట్లాడుతూ మాట్లాడుతూ మౌస్‌ని గుండ్రంగా తిప్పే అలవాటు చాలామందికి ఉంటుంది. చూసేవాళ్ల కళ్లు దాని వెంటే పరిగెడతాయి. వాళ్లు చదవాల్సిన బటన్ పేరు చదవనే చదవరు.

నేను పాటించే వరుస ఇది. ముందు పేరు చెప్తాను: "పైన ఎడమ మూలన ఫైల్ అని ఉంది." తర్వాత మౌస్‌ని నెమ్మదిగా అక్కడికి తీసుకెళ్తాను. ఒక క్షణం ఆగుతాను. అప్పుడు నొక్కుతాను. మెనూ తెరుచుకున్నాక చేతిని మౌస్ మీంచి తీసేస్తాను. రికార్డు చేసేటప్పుడు ఈ ఆగడం సాగతీతలా అనిపిస్తుంది, చూసేటప్పుడు సరిగ్గా సరిపోతుంది. "ఇక్కడ నొక్కండి, తర్వాత ఇది" అనే మాటలు నా పాఠాల్లోంచి తీసేశాను. కళ్లు కనపడనివాళ్లూ, పని చేసుకుంటూ వినేవాళ్లూ ఉంటారు. వాళ్లకి "ఇక్కడ" అంటే ఎక్కడ?

కీబోర్డ్ షార్ట్‌కట్లు తెర మీద కనిపించవు కాబట్టి నోటితో చెప్పి తీరాలి. చిన్న భాగాన్ని పెద్దది చేసి చూపాలంటే విండోస్‌లో జూమ్‌ఇట్ అనే ఉచిత టూల్ ఉంది. కంట్రోల్, 1 నొక్కితే తెర పెద్దదవుతుంది, కంట్రోల్, 2 నొక్కితే తెర మీద గీతలు గీయొచ్చు.

అపోహ: బొమ్మ బాగుంటే ఆడియో ఎలా ఉన్నా ఫర్వాలేదు

బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓపిక పడతారు. గొంతు బావిలోంచి వస్తున్నట్టుంటే మాత్రం వెంటనే వదిలేస్తారు. ల్యాప్‌టాప్ మైకు దూరంగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్ హోరునీ, కీల టకటకనీ, గది ప్రతిధ్వనినీ కలిపి పట్టుకుంటుంది. మామూలు హెడ్‌సెట్ మైకైనా నోటికి దగ్గరగా ఉంటే దానికంటే ఎంతో నయం. విడి మైకైతే జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా పెట్టండి. పరుపులూ కర్టెన్లూ ఉన్న గది మేలు. గొంతు పెరిగినప్పుడు కూడా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఆడియో మీటర్‌లో లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ఒకసారి పగిలిపోయిన శబ్దాన్ని ఎడిటింగ్‌లో అతికించడం చాలా కష్టం.

అపోహ: తడబడితే మొదటి నుంచీ మళ్లీ తీయాలి

ఈ టెన్షన్‌తోనే చాలామంది మానేస్తారు. తప్పు వచ్చినప్పుడు రికార్డింగ్ ఆపకండి. గట్టిగా ఒక చప్పట్లు కొట్టి, ఆ వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు నిటారుగా లేచిన గీతలా కనిపిస్తుంది. కత్తిరించాల్సిన చోటు వెతుక్కోనక్కర్లేదు. అయితే నేర్చుకునేవాళ్లకి కూడా ఎదురయ్యే ఎర్రర్ మెసేజ్ వస్తే దాన్ని కత్తిరించను. దాన్నుంచి ఎలా బయటపడ్డానో చూపిస్తాను.

అపోహ: పాస్‌వర్డ్‌ని బ్లర్ చేస్తే ఎవరికీ తెలియదు

గళ్లు గళ్లుగా చేసిన అక్షరాలని తిరిగి రాబట్టే డీపిక్స్ అనే ప్రోగ్రాం 2020లోనే అందరికీ అందుబాటులోకి వచ్చింది. దాచాల్సింది ఉంటే నిండైన నల్ల డబ్బా పెట్టండి. అంతకంటే మంచిది, పాఠం కోసం ఒక ఉత్తుత్తి అకౌంట్ తెరవడం. నోటిఫికేషన్లు కూడా ఆపేయండి.

అపోహ: ఎంపీ4లో రికార్డు చేస్తే అన్నిటికంటే భద్రం

నలభై నిమిషాల పాఠం ముగింపుకి వచ్చేసరికి నా కంప్యూటర్ ఆగిపోయింది. ఫైల్ సైజు కనిపిస్తోంది, తెరిస్తే తెరుచుకోదు. మామూలు ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక రికార్డింగ్ ఆపినప్పుడే రాయబడుతుంది. అది పడకపోతే లోపలున్నదంతా ఉన్నా లేనట్టే. ఆ రోజు ఆ పాఠం మొత్తం మళ్లీ చెప్పాను. ఓబీఎస్‌లో ఫైల్ రకం ఎంకేవీ అని పెట్టుకుంటే మధ్యలో ఆగినా అంతవరకూ రికార్డయింది మిగులుతుంది. పనయ్యాక ఫైల్ మెనూలోని రీమక్స్ రికార్డింగ్స్‌తో ఎంపీ4గా మార్చుకోవచ్చు, నాణ్యత ఏమాత్రం తగ్గదు.