గ్రాము పొడిలో 70 సెంట్లు

భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల చెరువు గట్టు ఎక్కినా మేత బస్తాల పక్కన ఇంకో రకం సంచులు కనిపిస్తాయి. నీళ్లలో అమోనియా పెరిగి వనామి మేత ముట్టకపోతే రైతుకు టెన్షన్ మొదలు. సంచి కోసి, పొడిని టబ్బులో పోసుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, తెప్ప మీద తిరుగుతూ చెరువంతా చల్లిస్తాడు. ఆ పొడి జియోలైట్. 2025లో కెమిస్ట్రీ నోబెల్ తెచ్చిపెట్టిన పదార్థాలకు ఇది దగ్గరి చుట్టం.

జియోలైట్ అంటే గ్రీకులో మరిగే రాయి. 1756లో స్వీడన్‌కు చెందిన క్రోన్‌స్టెట్ ఒక ఖనిజాన్ని వేడి చేస్తే ఆవిరి పొంగుకొచ్చింది, పేరు అలా పడింది. ఆ రాయి నిండా కంటికి ఆనని గదులుంటాయి. చెరువులో వేసినప్పుడు అమ్మోనియం (నీళ్లలో అమోనియా ఎక్కువగా ఉండే రూపం) ఆ గదుల్లోకి చేరి, అక్కడున్న సోడియం లాంటివి బయటికొస్తాయి. నీళ్లు ఉప్పగా ఉంటే మాత్రం ఈ మార్పిడి సరిగ్గా జరగదు. నీటిలోని సోడియం కూడా అవే గదుల కోసం పోటీ పడుతుంది. సముద్రం వైపు చెరువుల్లో ఎన్ని సంచులు చల్లినా అమోనియా దిగకపోవడానికి ఇదొక కారణం.

మరి మనకు కావలసిన గదిని మనమే కట్టుకోలేమా? 1974లో మెల్‌బోర్న్ యూనివర్సిటీలో రిచర్డ్ రాబ్సన్ పాఠం చెప్పడానికి చెక్క బంతులతో అణువుల నమూనాలు చేయిస్తున్నాడు. బంతికి బెజ్జాలు ఎక్కడ వేయాలో గుర్తు పెడుతుంటే, మొత్తం ఆకారం ఆ బెజ్జాల్లోనే నిర్ణయమైపోతోందని ఆయనకు తట్టింది. దాన్ని రాగితో చేసి చూపించేసరికి 1989 వచ్చింది. కట్టడం వచ్చింది కానీ నిలకడ లేదు. 1997లో జపాన్‌లో సుసుము కితగావా కట్టిన చట్రాల్లోకి వాయువులు వెళ్లి, తిరిగి బయటికి రాగలిగాయి.

నన్ను ఎక్కువగా కట్టిపడేసింది ఈ ఇద్దరితో కలిసి ఆ నోబెల్ పంచుకున్న మూడో మనిషి కథ. ఒమర్ యాఘీ 1965లో జోర్డాన్‌లోని అమ్మాన్‌లో, పాలస్తీనా శరణార్థి కుటుంబంలో పుట్టాడు. ఇంటిల్లిపాదికీ ఒకటే గది, పశువులు కూడా అందులోనే. కరెంటు లేదు. కుళాయి నీళ్లు వారానికో, రెండు వారాలకో కొన్ని గంటలు వచ్చేవి. మన శివారు గ్రామాల వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువు నిండకపోతే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు. పదేళ్ల వయసులో లైబ్రరీలో అణువుల బొమ్మలు చూసి మనసు పారేసుకున్న ఆ పిల్లవాడు పదిహేనేళ్లకు అమెరికా చేరాడు.

తాటాకు పందిరి వేసినవాళ్లకు ఆయన చేసిన పని ఇట్టే అర్థమవుతుంది. గుంజకూ వెదురుకూ మధ్య కట్టు వదులైతే పందిరి కూలుతుంది. పాత చట్రాలూ అంతే, లోపలి ద్రవం తీసేయగానే చాలావరకు కుప్పకూలేవి. యాఘీ ఒంటరి లోహ పరమాణువుకు బదులు లోహ పరమాణువుల గుత్తిని గుంజగా నిలిపి, కార్బన్ ఉన్న అణువులను వెదుళ్లలా గట్టిగా బిగించాడు. 1995లో వీటికి మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు, పొట్టిగా మాఫ్‌లు, అని పేరు పెట్టాడు. 1999లో వచ్చిన మాఫ్-5లో లోహం జింకు, వరికి మనం వేసే జింకే. వెదురు స్థానంలో ఉన్నది టెరెఫ్తాలిక్ ఆమ్లం, నీళ్ల సీసాల ప్లాస్టిక్‌కు ముడిసరుకు. ఒక్క గ్రాములో లోపలి గోడలన్నీ పరిస్తే దాదాపు 2,900 చదరపు మీటర్లని లెక్క తేలింది. మన కొలతలో 70 సెంట్ల పైమాటే! 2010లో వచ్చిన మాఫ్-210లో అది ఎకరంన్నర దాటింది.

మాఫ్-5కు తేమ పడదు, మన గాలిలో పెడితే పాడైపోతుంది. తర్వాత జిర్కోనియం, అల్యూమినియంతో తేమను తట్టుకునేవి వచ్చాయి. వాటిలో జిర్కోనియంతో చేసిన మాఫ్-801ను తీసుకుని, 2017లో యాఘీ, ఎంఐటీ బృందం ఎండ వేడితోనే పొడి గాలి నుంచి నీళ్లు రాబట్టారు. మరుసటి ఏడాది ఆరిజోనా ఎడారిలో యాఘీ బృందం మళ్లీ చేసి చూపింది. నీళ్ల కోసం ఎదురుచూస్తూ పెరిగినవాడు చేసిన పని అది. కెనడాలో సిమెంటు ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టే కాల్ఫ్-20 కూడా ఈ జాతిదే, అందులోనూ జింకే ఉంది.

డెల్టాలో గాలికి తేమ కొదవ లేదు, కాబట్టి ఎడారి యంత్రం మనకు పెద్దగా అక్కరకు రాదు. నేను ఎదురుచూసేది సోడియాన్ని పక్కకు నెట్టి అమ్మోనియంను మాత్రమే పట్టే గది కోసం. దానికి మూడు అడ్డంకులున్నాయి. నెలల తరబడి ఉప్పునీళ్లలో చెక్కుచెదరకూడదు. లోహం నీళ్లలోకి దిగి రొయ్యకు ఎక్కకూడదు. ధర జియోలైట్ సంచి దరిదాపుల్లోకి రావాలి. ఇప్పటికైతే మూడోదే అన్నిటికన్నా దూరంగా కనిపిస్తోంది.