ముక్కు ఒకవైపే దిబ్బడేస్తుంటే

రాయగడ

చిరంజీవులకు,

ముక్కు దిబ్బడ మనకు కొత్తేమీ కాదు. మంచు దిగే రోజుల్లో సగం క్లాసు ముక్కులు ఎగబీలుస్తూనే ఉంటుంది. జలుబైతే రెండువైపులా పట్టి వారం పది రోజుల్లో వదిలేస్తుంది. ఎలర్జీ అయితే ఒక పూట కుడి, ఒక పూట ఎడమ. ఈ ఉత్తరం ఆ రెంటి గురించీ కాదు. నెలల తరబడి ఎప్పుడూ అదే రంధ్రం మూసుకుపోయి, దానికి తోడు ముక్కు నుంచి నెత్తురు కారుతుంటే ఏం చెయ్యాలో, ముఖ్యంగా ఏం చెయ్యనివ్వకూడదో చెప్పడానికి రాస్తున్నాను.

ముందు ఇంట్లోనే ఒకటి చూడండి. చల్లటి స్టీలు స్పూను ముక్కు కింద అడ్డంగా పట్టుకుని, నోరు మూసి ఊపిరి వదలండి. స్పూను మీద రెండు ఆవిరి మచ్చలు పడాలి. కాస్త పెద్దా చిన్నా ఉంటే ఫరవాలేదు, అందరికీ అలాగే ఉంటుంది. ఒక మచ్చ అసలు పడకపోతే, కొన్ని రోజులాగి చూసినా అదే వైపు పడకపోతే పెద్దవాళ్లకు చూపించండి.

పది నుంచి ఇరవై ఏళ్ల మధ్య మగపిల్లల్లో ఒకవైపు దిబ్బడ, నెత్తురు కారడం రెండూ కలిసి కనిపిస్తే డాక్టరు మొదట అనుమానించాల్సింది జువెనైల్ యాంజియోఫైబ్రోమా అనే గడ్డని. చాలా అరుదు. ఆడపిల్లలకు దాదాపు రాదు. అయినా అమ్మాయిలూ, మీ అన్నదమ్ముల కోసం చదవండి. ఇది కేన్సర్ కాదు, ఒంట్లో వేరే చోటికి పాకదు. ముక్కు వెనకాల పక్క గోడలో రక్తనాళం లోపలికొచ్చే చిన్న రంధ్రం ఉంటుంది, దాని దగ్గర పుడుతుంది. అక్కణ్ణుంచి ఖాళీ దొరికిన వైపల్లా, సైనస్‌లలోకీ (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులు) దవడ వెనక్కీ, పెరుగుతూ ఎముకను నెట్టుకుంటూ పోతుంది. అందుకే కొందరికి బుగ్గ ఉబ్బుతుంది, కన్ను ముందుకొస్తుంది, మాట ముక్కుతో అన్నట్టుంటుంది, ఒక చెవి దిబ్బడేస్తుంది.

అసలు ప్రమాదం దాని రక్తనాళాల్లో ఉంది. మామూలు నాళం తెగితే దాని గోడలోని కండరం బిగుసుకుని నెత్తురును ఆపుతుంది. ఈ గడ్డలోని నాళాలకు ఆ కండరం పొర సరిగా ఉండదు, కాబట్టి తెగితే బిగుసుకోలేవు. సంతలో ‘ముక్కులో కండ తీసేస్తాం’ అనేవాళ్ల దగ్గరికి, మందు పెట్టి మాడ్చేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దనేది అందుకే. ఆస్పత్రిలో కూడా, స్కాన్ తియ్యకుండా ఓపీ గదిలో కుర్చీలో కూర్చోబెట్టి పరీక్షకు ముక్క తీస్తామంటే ‘ముందు స్కాన్ రాయండి సార్’ అని అడగండి. అడగడం అమర్యాద కాదు.

నెత్తురు కారుతున్నప్పుడు తల వెనక్కి వాల్చే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది తప్పు, నెత్తురు గొంతులోకి దిగి వాంతవుతుంది. కూర్చుని ముందుకు వంగి, ముక్కు ఎముక కిందుండే మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి, నోటితో ఊపిరి తీసుకుంటూ గడియారం చూసి 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా ఉంచండి. మధ్యలో తెరిచి చూస్తే మొదటికొస్తుంది. అప్పటికీ ఆగకపోతే ఆస్పత్రికే.

ఈఎన్‌టీ డాక్టరు ఎండోస్కోపు అనే సన్నటి కెమెరా గొట్టం పెట్టి చూస్తే ముక్కు వెనక నున్నటి ఎర్రటి గడ్డ కనిపిస్తుంది. తర్వాత నరానికి మందెక్కించి సీటీ స్కాన్ తీస్తారు. బుగ్గ సైనస్ వెనక గోడ ముందుకు వంగి ఉంటే రోగం దాదాపు తేలిపోయినట్టే. గడ్డ కన్ను వైపు, మెదడు వైపు ఎంత దూరం పోయిందో ఎమ్మారైలో తెలుస్తుంది.

మన వైపు ముక్కులో కనిపించే కండంతా ఇదే కాదు. పశువులు దిగే చెరువుల్లో స్నానం చేసేవాళ్లకు రైనోస్పోరిడియోసిస్ వస్తుంది: ఎర్రటి కండ, పైన తెల్లటి చుక్కలు, తాకితే నెత్తురు. దాన్ని కోసి, అది పుట్టిన చోట కాలుస్తారు. పెద్దవాళ్లలో ఒకవైపు కండ ఇన్వర్టెడ్ పాపిలోమా కావచ్చు; అందులో కొన్ని కేన్సర్‌గా మారతాయి గనక వేరు దగ్గరి ఎముకతో సహా చెక్కాలి, తీసినదంతా పరీక్షకు పంపాలి. సైనస్‌లో చిన్న ఎముక గడ్డ, అంటే ఆస్టియోమా, వేరే దేనికో తీసిన స్కాన్‌లో బయటపడితే, బాధ లేనప్పుడు ఊరికే కనిపెట్టుకుని ఉంటే చాలు.

యాంజియోఫైబ్రోమాకు ఆపరేషనే వైద్యం. దానికి ఒకటి రెండు రోజుల ముందు తొడ దగ్గరి ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకు నెత్తురు మోసే నాళాలను మూసేస్తారు. దీన్ని ఎంబోలైజేషన్ అంటారు. చేశాక ఆపరేషన్ వాయిదా వేస్తే పక్క నాళాలు మళ్లీ నెత్తురు అందిస్తాయి, చేసిన పని వృథా. ఇప్పుడు చాలావరకు ముక్కు రంధ్రం గుండానే ఎండోస్కోపుతో తీస్తారు, మొహం మీద కోత ఉండదు. ఎంబోలైజేషన్, ఆపరేషన్ వెంటవెంటనే జరగాలి గనక బయల్దేరే ముందే అడగాల్సింది ‘ఆపరేషన్ చేస్తారా’ అని మాత్రమే కాదు, ‘ఎంబోలైజేషన్ మీ దగ్గరే ఉందా’ అని. కొరాపుట్, బరంపురం, విశాఖ ఎటు పోయినా ఇదే ప్రశ్న. సీటీ ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకెళ్లండి. ఫిల్ములో కొన్ని బొమ్మలే ఉంటాయి.

ఇంకొకటి. మన జిల్లాల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఎక్కువ. మత్తుకు ముందే ఆ పరీక్ష చేయించాలి. అది ఉన్నవాళ్లకు ఆపరేషన్లో ఆక్సిజన్ తగ్గకుండా, ఒళ్లు చల్లబడకుండా, ఒంట్లో నీరు ఎండకుండా ప్రత్యేకంగా చూస్తారు. మాటిమాటికీ నెత్తురు పోయినవాళ్లకు హిమోగ్లోబిన్ కూడా తక్కువుంటుంది. రక్తదాతల్ని ముందే మాట్లాడుకోండి.

ఇంటికొచ్చాక ముక్కులో పక్కులు కడతాయి, గోకొద్దు. డాక్టరు కడుక్కోమన్న రోజు నుంచి పావు లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి కడుక్కోండి. చెరువు నీళ్లు, కుళాయి నీళ్లు నేరుగా వాడొద్దు. ఎముక సందులో కాస్త గడ్డ మిగిలినా మళ్లీ పెరుగుతుంది. దిబ్బడ తగ్గింది కదా అని మానకుండా, చెప్పిన తేదీకి ఎమ్మారై తీయించండి. పాత సీడీ పారెయ్యొద్దు, కొత్తదాన్ని దాంతోనే పోల్చి చూస్తారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య