ఫారం చేపకు జబ్బు రాదా?

"ఇది ఫారంలో పెంచింది సార్, జబ్బు రాదు" అని అక్వేరియం షాపుల్లో తరచూ వింటుంటాం. అందులో సగం నిజం. వాగుల్లో పట్టిన చేప వల, ప్లాస్టిక్ సంచి, రోజుల తరబడి ప్రయాణం అన్నీ తట్టుకుని మన తొట్టిలోకి వస్తుంది. ఆ టెన్షన్‌కి ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి రోగనిరోధక శక్తి తగ్గుతుంది. అప్పటిదాకా అణిగి ఉన్న పరాన్నజీవులు విజృంభిస్తాయి. తొట్టిలోనే పుట్టి పెరిగిన చేపకు ఈ బాధ కొంత తక్కువ.

మిగతా సగం కథ డ్వార్ఫ్ గౌరామి చెబుతుంది. ఇది మన గంగ, బ్రహ్మపుత్ర నీళ్లలో పుట్టిన చేపే. షాపుల్లో కనిపించే ముదురు ఎరుపు, నీలి రంగు రకాలు మాత్రం ఫారాల్లో రంగు కోసం ఏరి పెంచినవి. సిడ్నీ షాపుల్లో వీటిని పరీక్షించినప్పుడు దాదాపు ఐదింట ఒక చేపలో ఇరిడోవైరస్ అనే చేపల వైరస్ బయటపడింది. దానికి మందు లేదు. 2003లో ఆస్ట్రేలియాలోని ఒక ఫారంలో మర్రే కాడ్ అనే మంచినీటి చేప పిల్లలను పెద్ద సంఖ్యలో చంపిన వైరస్ కూడా దాదాపు ఇదేనని జన్యు పరీక్షల్లో తేలింది.

కారణం ఊహించలేనిదేం కాదు. ఏటిలో ఒక చేప చచ్చేలోపు వైరస్‌కు ఇంకో చేప దొరకాలి. కిక్కిరిసిన చెరువులో ఆ వెతుకులాటే ఉండదు. పైగా రంగు కోసం ఒకే వంశాన్ని పదేపదే కలిపితే, రోగకారకాలను గుర్తుపట్టే ఎంహెచ్‌సీ జన్యువుల్లో వైవిధ్యం తగ్గిపోతుంది. నా ఉద్దేశంలో ఫారం చేపల అసలు బలహీనత ఇదే.

జబ్బును ఎదుర్కొన్న అనుభవం సంగతి వేరు. వైట్ స్పాట్ (ఒంటిపై తెల్ల చుక్కలు తెచ్చే పరాన్నజీవి జబ్బు) సోకి బతికిన చేపలో యాంటీబాడీలు తయారవుతాయి. మళ్లీ అదే పరాన్నజీవి వస్తే చాలావరకు తట్టుకుంటుంది. శుభ్రమైన తొట్టి తప్ప మరేదీ చూడని చేపకు ఆ రక్షణ ఉండదు. తొట్టిలో తరాలుగా పెరిగిన గప్పీలను అడవి గప్పీలతో కలిపి చూసిన ప్రయోగంలో చర్మపు పరాన్నజీవి తొట్టి గప్పీలనే ఎక్కువగా పట్టింది.

కాబట్టి షాపులో "ఎక్కడ పుట్టింది?" అన్నదానితో ఆగకండి. ఎన్నాళ్లుగా ఇక్కడుంది, ఏ చేపలతో నీళ్లు పంచుకుంది అనీ అడగండి. ఇంటికి తెచ్చాక నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచండి. వలా, బకెట్టూ కూడా వేరుగానే.